సుబ్బమ్మగారు తోమిన పలకలు

నందిగామ, శ్రావణ శుక్రవారం, 1961

ఇవాళ జగ్గయ్యపేట వెళ్లాను. చనిపోయిన ఫొటోగ్రాఫరుగారి గాజు నెగటివులను మా యూనివర్సిటీలో భద్రపరచాలని ఎన్నాళ్లుగానో తిరుగుతున్నాను. ఆయన భార్య సుబ్బమ్మగారు పెట్టె తెరిచారు. పలకలన్నీ తళతళా మెరుస్తున్నాయి.

"శుభ్రంగా ఉంచమని కార్డు రాశారుగా బాబూ. నల్లగా మసి పట్టాయండి. వేణ్నీళ్లలో నానబెట్టి, బూడిదతో తోమేశా."

ఆ నలుపులోనే కదా బొమ్మలుండేది! నలభై ఏళ్ల పెళ్లిళ్లు, వేదాద్రి తిరునాళ్లు, అన్నీ పోయాయి. కార్డులో ఆ మాట ఎందుకు రాశాను?

"ఊరందరినీ తీశారు గానీ, ఆయన ఫొటో ఒక్కటీ ఇంట్లో లేదండి. ఇందులో ఉంటుంది. అచ్చేసి పంపండి బాబూ" అన్నారావిడ.

పంపుతానని తలూపాను. ఆ ఉత్త అద్దాలకు 'పాత ఫొటోలు ముట్టినవి' అని రసీదు రాసి, సంతకం పెట్టి వచ్చాను.