వచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళు

ఏవండీ,

ఎలా ఉన్నారు? మీరు వెళ్ళి ఏడాదైపోయింది. ఇవాళే మీ సంవత్సరీకం పెట్టాం. చుట్టాలంతా భోంచేసి వెళ్ళారు. మీ పటం ముందు చాప వేసుకుని ఇది రాస్తున్నాను. ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు...

ఆ మీటింగు జరిగిందండీ. రొయ్యల చెరువుల మీద ఊరి జనాన్ని అడగాలని చెప్పులరిగేలా తిరిగారే, అదే. "మన పక్కన నేల తవ్వేముందు మనల్నొక మాట అడగాలా వద్దా?" అని కనిపించినవాళ్ళందరినీ నిలదీసేవారు. అడిగారు లెండి. మీరు లేకుండా అడిగారు.

హైస్కూలు గ్రౌండులో షామియానా వేశారు. స్టేజీ మీద పెద్ద ఆఫీసరు గారు, పక్కన కంపెనీవాళ్ళు. కాలువ అవతల పొలాల్లో ఇంకా చెరువులు తవ్వుతారట, అభ్యంతరాలుంటే చెప్పాలట. ఉన్న చెరువులకే మన బావి ఉప్పెక్కింది. పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరిగిపోతున్నాయి. మిగిలిన చేను కూడా చౌడుబారితే ఏం తినాలి?

నలుగురిలో నాకు నోరు పెగలదని మీకు తెలుసు. అందుకే మీ మాటే పట్టుకెళ్ళాను. "నీళ్ళ సంగతి నోటితో చెబితే ఎవడు నమ్ముతాడే, ఓ గుక్క తాగించు" అనేవారుగా... ఇత్తడి చెంబు తోమి, మన బావి నీళ్ళు నింపి, కొంగు కప్పి తీసుకెళ్ళాను. ఆఫీసరు గారు ఒక్క గుక్క తాగితే చాలనుకున్నాను.

నేను లేచేలోపే మీ అన్నయ్యగారు కొబ్బరి బోండాలు తెప్పించేశారండీ. తన తోటలోవే. లేతవి చూసి చెక్కించి ఒక్కొక్కరి చేతికీ అందించారు. ఊళ్ళోకి పెద్దమనుషులొస్తే ఉప్పునీళ్ళిస్తామా అనుకున్నారట. ప్రాణం పోయినా మనవాళ్ళు మర్యాద పోనివ్వరు కదా! ఆఫీసరు గారు తాగి, ఇంత తియ్యటి నీళ్ళు ఎక్కడా తాగలేదని మైకులోనే మెచ్చుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. బావగారి మొహం చూడాలి అప్పుడు.

ఆ తర్వాత నేను చెంబు పట్టుకెళ్ళాను. ఆఫీసరు గారు కడుపు నిండిపోయిందని నాకు రెండు చేతులూ జోడించారు. మంచివారే పాపం. అలాంటి మనిషితో ఏం పోట్లాడను? చెంబుతో అలాగే నిలబడ్డాను. ఇద్దరు ముగ్గురు లేచి, వద్దని గట్టిగానే చెప్పారు. అదీ రాసుకున్నారు. ఏం రాసుకున్నారో... తవ్వే మిషన్లు మాత్రం వచ్చేశాయి. మన చేలో నిలబడితే వాళ్ళ గట్లు కనిపిస్తున్నాయి.

బావగారి మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వాళ్ళింటికి కూర పంపడం కూడా మానేశాను. మీరుంటే ఏమనేవారు? తిట్టేవారా, నవ్వేసేవారా?

ఇవాళ మీకు విస్తరి వేశాను. గారెలు, గుత్తి వంకాయ, గడ్డపెరుగు. పక్కన గ్లాసు పెట్టాలిగా. "వచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళివ్వాలే, ఆ తర్వాతే మాట" అనేది మీరే. చుట్టాలకి పంచాయతీ ట్యాంకరు నీళ్ళే ఇచ్చాం. మీకు మాత్రం మన బావి నీళ్ళే పెట్టాలనుకున్నాను. దగ్గరుండి మీరు తవ్వించుకున్న బావి... తోడి, గ్లాసులో పోసి పటం దాకా తెచ్చాను. చివర్లో రాజమండ్రి ఆసుపత్రిలో అక్కడి నీళ్ళు రెండు గుక్కలు తాగి, "అబ్బ, ఎంత తియ్యగా ఉన్నాయే" అన్నారు చూడండి, అది గుర్తొచ్చింది.

పెట్టలేకపోయానండీ. ఏడాదికొకసారి వచ్చిన మనిషికి ఉప్పునీళ్ళెలా ఇవ్వను? ట్యాంకరు నీళ్ళు పెట్టడానికీ మనసు రాలేదు. ఆ గ్లాసు దొడ్లో పారబోసి, బావగారింటికే వెళ్ళి, గుమ్మం బయట నిలబడి ఒక బోండాం అడిగాను. ఆయనే లేతది చూసి చెక్కించి ఇచ్చారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా.

ఇంకెవరి మీద కోప్పడను?

పై ఏటికి మన బావి నీళ్ళే పెడతానని మీకు మాటివ్వాలని ఉంది. నావల్ల కావడం లేదు... బోండాం మాత్రం తప్పకుండా పెడతాను. రండి.

మీ
వెంకటలక్ష్మి