గోడ పలకని రెండు రోజులు

మేడమీది చెల్లాయికి,

మనకి మాటల్లేవు గానీ ఉత్తరాలు రాసుకోకూడదని అనుకోలేదు కదా. నీ వేడినీళ్ళ పంపు రోజూ పొద్దున్న ఆరింటికి నా తలవైపు గోడలో రంపం ఆడిస్తోంది. నలభై ఏళ్ళు లేతు మిషను దగ్గర నిలబడ్డ చెవులు నావి. పంపుని నేరుగా గోడకి బిగించారు, తప్పంతా అక్కడే. దాన్ని నేలమీదకి దించి, కింద రబ్బరు దిమ్మలు పెట్టించు. ఇనప గొట్టం తగిలేచోట జానెడు వంగే గొట్టం వేయించు.

ఇట్లు,
కింది అన్నయ్య

తా.క. దిమ్మలు నాలుగూ నేనే కోసి మెట్లమీద పెట్టాను. కొలవక్కర్లేదు.

* * *

కింది అన్నయ్యకి,

కొలిచాను. ఒకటి నూలుపోగంత తక్కువ. దర్జీదాని కళ్ళకి ఆ మాత్రం తెలుస్తుంది.

ప్లంబరు నువ్వు చెప్పినట్టే చేశాడు. ఇప్పుడు చెయ్యి వేసి చూస్తేగానీ పంపు తిరుగుతోందో లేదో తెలియడం లేదు. నా చప్పుడు కూడా నీకు గిట్టదని అర్థమైంది. సుఖంగా పడుకో.

మేడమీది చెల్లెలు

తా.క. మూడేళ్ళ కిందట నా కుట్టుమిషను బాగుచేస్తానని విప్పి, బిగించాక ఒక స్క్రూ మిగిల్చావు. మిషను ఇంకా దారం తెంపుతూనే ఉంది. మాటలు పోయింది అందుకేనని గుర్తుచేస్తున్నాను.

* * *

చెల్లాయికి,

నీ తలుపు సంగతి చెప్పుకోవాలి.

రెండు రోజులు గోడ పలకలేదు. మొదటిరోజు హాయిగానే ఉంది. రెండోరోజు ఆరింటి నుంచి గోడకి చెవి ఆనించి పడుకున్నాను. తొమ్మిదైనా పంపే కాదు, నీ అలికిడి కూడా లేదు. ఒంటరిదానివి, జారిపడ్డావేమో అనుకున్నాను. పైకొచ్చి తలుపు కొట్టాను, పలకలేదు. వడ్రంగిని పిలిచి మడతబందులు విప్పించాను. నువ్వు బొత్తాల కొట్టుకి వెళ్ళావని పక్కింటావిడ చెప్పేసరికి తలుపు నా చేతుల్లో ఉంది.

మళ్ళీ బిగించేశాం. చాలా భయపడ్డానే.

అన్నయ్య

తా.క. ఒక స్క్రూ మిగిలింది. ఉత్తరంతో పెడుతున్నాను.

* * *

అన్నయ్యా,

బొత్తాల కొట్టనేది అబద్ధం. డాక్టరు దగ్గరికి వెళ్ళాను, నీకోసం.

నేను చన్నీళ్ళు పోసుకోబట్టి రెండేళ్ళయింది. వదిన పోయాక నువ్వు పొద్దెక్కినా లేవడం లేదని తెలిసి, రోజూ ఆరింటికి ఊరికే వేడినీళ్ళ కుళాయి తిప్పేదాన్ని. నువ్వు విసుక్కుంటూ లేచి కిటికీ తెరిచేవాడివి. ఆ కిటికీ చప్పుడు విన్నాకే కుళాయి కట్టేసేదాన్ని. ఈ రెండు రోజులూ కిటికీ తెరుచుకోలేదు. డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

డాక్టరుని వెంటబెట్టుకొస్తే కింద నువ్వు లేవు, వడ్రంగిని దింపడానికి వెళ్ళావట; పైన నా తలుపు కొత్తగా కిర్రుమంటోంది. "రోగి ఎవరమ్మా?" అని అడిగి ఆయన వెళ్ళిపోయారు.

దిమ్మలు తియ్యను, బాగా కోశావు. పంపు ఇక మోగదు. రేపటినుంచి ఆరింటికి నువ్వే పైకి రా.

నీ చెల్లాయి

తా.క. నువ్వు పంపిన స్క్రూ తలుపుది కాదు. మూడేళ్ళుగా నీ పనిముట్ల సంచిలో తిరుగుతున్న నా కుట్టుమిషనుది. రేపొచ్చి బిగించు. ఇంకేదీ విప్పకు.