బంగారు రంగు కడిగేశాక

రేపల్లె,
9 ఫిబ్రవరి 2025.

ప్రియమైన జయలక్ష్మి అక్కకి,

చెల్లెలు క్రిస్టినా నమస్కారాలతో రాసుకునేది. ప్రభువు దయవల్ల అమ్మా నేనూ ఇక్కడ కులాసా. నువ్వూ పూర్ణచంద్రరావు బావగారూ తెనాలిలో బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే నా పేరు చూసి ఎత్తడం లేదు నువ్వు. ఉత్తరమైతే చింపేలోపు రెండు ముక్కలైనా చదువుతావని ఆశ.

నీ కోపంలో న్యాయముంది. పెళ్లి ఫంక్షన్లు ఒప్పుకునేది నువ్వు, గుమ్మం దగ్గర ఒంటినిండా బంగారు రంగు పూసుకుని కదలకుండా నిలబడేది నేను. తెనాలి చుట్టుపక్కల ఆ 'బంగారు బొమ్మ' లేని పెళ్లి పెళ్లే కాదనేవాళ్లు. అలాంటిది ముహూర్తాలు ముంచుకొచ్చిన టైములో, ఒంటికి రంగు పడటం లేదని చెప్పి వచ్చేశాను.

ఇక్కడ మా చర్చి పక్క హాల్లో ఆడవాళ్లకి బొమ్మలు వేయడం నేర్పుతున్నాను. మొదటిరోజు హాలు నిండిపోయింది. బంగారు బొమ్మ వస్తోందని ఎవరో చెప్పారట. నేను నేతచీర కట్టుకుని, మామూలు మొహంతో వెళ్లేసరికి అందరూ నీరుగారిపోయారు. ఒక్కసారి రంగు పూసుకుని నిలబడమన్నారు. ఇక పూసుకోనన్నాను. టీ తాగి ఒక్కొక్కరే జారుకున్నారు. ఇన్నేళ్ల చప్పట్లూ ఆ రంగుకే గానీ నాకు కాదేమోనని ప్రాణం ఉసూరుమంది.

కుమారి పిన్ని ఒక్కతే మిగిలింది. రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. బొమ్మతో మాకేం పనే, నువ్వు మాట్లాడే మనిషివి, అది చాలు, కూర్చో అంది. కూర్చున్నాను. పిన్ని కోడిని గీసి నాలుగు కాళ్లు పెట్టింది. కోడికి రెండే కదా పిన్నీ అంటే, మా కోడి పరిగెత్తేటప్పుడు నువ్వు చూళ్లేదులే అంది. మర్నాడు ఆ కోడిని చూడటానికే జనం వచ్చారు. వచ్చినవాళ్లు ఊరుకోలేక తలా ఒక బ్రష్షూ పట్టారు.

పోయిన నెల బాపట్లలో ఒక స్కూలు గోడకి బొమ్మలు వేయమని పిలిచారు. రంగు డబ్బాలు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాం. పిన్ని భర్త చిట్టిబాబు బాబాయి, ఈ వయసులో నీకు రంగులేంటని అలిగి టిఫిన్ కూడా ముట్టలేదట. సాయంత్రం పెళ్లాన్ని ఇంటికి లాక్కుపోదామని వచ్చాడు. వచ్చి చూస్తే గోడమీద తనే ఉన్నాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పొగకి కళ్లు చికిలించి పులుసు కలుపుతున్నాడు. పిన్నికి టైఫాయిడ్ వచ్చినప్పుడు అలాగే వండిపెట్టాడట. ఆయన గోడ దగ్గరికెళ్లి చూసి, నా మీసం ఇంత పల్చగా ఉంటుందా అని పిన్నినడిగాడు. తనే బ్రష్షు లాక్కుని దిద్దాడు. దిద్దీ దిద్దీ చెవులదాకా తీసుకెళ్లాడు. ఇప్పుడు క్లాసుకి పిన్నికంటే ముందే వస్తున్నాడు.

అక్కా, వచ్చే నెల తెనాలిలో గోడ వేయబోతున్నాం. నువ్వు రావాలి. తిట్టడానికైనా సరే, రా.

నువ్వు కరుగుతావని నమ్మకంతో,
నీ క్రిస్టినా

తా.క.: నిజం దాచలేకపోతున్నాను. రంగు పడకపోవడం అబద్ధం. చేబ్రోలు పెళ్లిలో భోజనాలప్పుడు ఎవరో నా వెనక చేరి గబగబా నములుతున్నారు. ఓరకంట చూస్తే బావగారు, చేతిలో బూరెలు. షుగరని నువ్వు తిననివ్వవుగా. మూతి తుడుచుకుని నా ఎదురుగా వచ్చి, నువ్వు చూళ్లేదు, నేను తిన్లేదు అన్నారు. బొమ్మ పకపకా నవ్వేసింది. ఆయనకి పొలమారింది. తేరుకుని ఆయనా నవ్వారు, దారినపోయేవాళ్లూ నవ్వారు. మొహం మీద రంగు పెచ్చులుగా రాలుతుంటే, మనుషుల్లో ఉండి నవ్వకుండా ఇన్నేళ్లు ఎలా నిలబడ్డానా అనిపించింది. ఆ సాయంత్రమే మానేద్దామనుకున్నాను. నీకు చెప్పనని బావగారికి మాటిచ్చాను కనక ఆ అబద్ధమాడాల్సి వచ్చింది. ఆయన్నేమీ అనకు. రెండే తిన్నానంటారు. నాలుగు.