పాడైన ముక్కల డబ్బా

అక్కా, ఇక్కడ మేం కులాసా. ఫోన్‌లో చెబితే నీ కూతురు అఖిల వింటుందని కార్డు రాస్తున్నాను.

పాలిటెక్నిక్ తప్పి నా దగ్గరికొచ్చిన పిల్లకు నా నీతులేవీ తలకెక్కలేదు. బాలానగర్‌లో మా లేత్ షెడ్డుకు వచ్చినా ఫోనులోనే ఉండేది. మొన్న నేనే తొందరపడి లేత్ మీద చెక్కిన ఇనుప షాఫ్టును వేడి మీదే కొలిచాను. చల్లారాక సైజు తగ్గి పాడైంది. అందరి ముందూ సేటుతో "తప్పు నాదే" అన్నాను. అఖిల తలెత్తి, "మామా, ముప్పై ఏండ్ల సంది చేస్తున్నవ్, నీతోని గూడ తప్పయితదా?" అంది. ఇన్నేళ్లుగా నేను పాడుచేసిన ముక్కలు దాచిన డబ్బా తీసి చూపించాను. నిన్న తను పాడుచేసిన మొదటి ముక్కను తనే తెచ్చి అందులో వేసింది.

పని పూర్తిగా నేర్పకుండా పంపను. వదులు చేతుల డ్రెస్సులు మిషన్‌కు చుట్టుకుంటాయి, పొట్టి చేతులవి పంపు. అమ్మ కంటి ఆపరేషన్ ఎప్పుడు? బావకు దండాలు. ఆయన ఇంటర్ రెండుసార్లు తప్పిన సంగతి అఖిలకు ఇంతవరకూ తెలియదు. ఆయన్నే ఫోన్ చేసి చెప్పమను.

నీ తమ్ముడు వీరేశం