పలకకపోతే వద్దన్నట్టే

చిన్నాయనా,

ప్రొద్దుటూరులో నగల అంగళ్లకు వెబ్‌సైట్లు చేసే ఆఫీసులో పనిజేస్తాండా. ఒక్క మాట టైపు చేస్తే కొత్త సైటుకు కావాల్సినవన్నీ అమర్చిపెట్టే టూలు ఒకటి రాసినా. ఇంకో మాట కొడితే అది పాత సైటంతా తుడిచేస్తాది. కానీ తుడిచే ముందు, "నిజంగా తీసేయాల్నా?" అని అడుగుతాది. ఏమీ రాయకుండా ఎంటర్ కొడితే వద్దన్నట్టే లెక్క.

ఈ పొద్దు మా సారు, "ప్రతిసారీ ఈ అడిగేదేందిమ్మా, లేటయితాంది, తీసెయ్" అన్నాడు. అది మాత్రం తీయనన్నా. ఎందుకో నీకు చెప్తా.

ఎలక్షన్లప్పుడు కొట్లాటకు మనుషుల్ని ఎక్కించుకుంటా వచ్చిన పార్టీ జీపు మన వాకిట్లో ఆగిన పొద్దు, నువ్వు గొర్లను దొడ్లోకి తోలొచ్చి కాళ్లు కడుక్కుంటాంటివి. "ఎక్కప్పా" అన్నారు, అంతే. వస్తావా అని ఎవురూ అడగలేదు. నువ్వు నాయన మొగం చూసినావు, అవ్వ మొగం చూసినావు. సగం నీళ్లున్న చెంబు నా చేతికిచ్చి ఎక్కినావు. మళ్లా ఇంటికి రాలేదు.

నువ్వేమీ పలకలేదు కాబట్టి సరే అన్నట్టే అనుకున్నారు వాళ్లు.

మేమూ అట్లే అనుకున్నాం, చిన్నాయనా.