మూడో కంచం

డిసెంబర్ 25, 1990. ఉప్పు సరస్సు ఒడ్డున.

రిటైరయ్యాక మొదటి క్రిస్మస్. బ్లాక్‌టౌన్‌లో ఉంటున్న మా అమ్మాయి రమ్మన్నా వినకుండా, ఈసారి చక్రాల ఇల్లు లాంటి మా మోటార్‌హోమ్‌లో ప్రశాంతంగా గడుపుదామన్నది నేనే. ఈ పరాయి దేశపు ఎడారిలో చుట్టూ యాభై కిలోమీటర్ల దాకా మనిషన్నవాడు లేడు.

మధ్యాహ్నం నా భార్య మేరీ కోడి పలావు దించుతుండగా ఎవరో తలుపు తట్టారు.

"వందనాలండీ!"

అచ్చం మా గుంటూరు వైపు గొంతు. చిన్నప్పటి నుంచీ చర్చిలో పడిన అలవాటు కదా, మేరీ వెనక్కి తిరగకుండానే, "వందనాలండీ, లోపలికి రండి," అనేసింది.

నేను తలుపు తీశాను. ఎవరూ లేరు. తెల్లటి ఉప్పు మీద పొద్దున మేమిద్దరం నడిచిన అడుగులు తప్ప ఇంకేమీ లేవు.

"గాలి అయ్యుంటుందిలే," అన్నాను.

"గాలి తెలుగులో వందనాలు చెప్పుద్దా? పిలిచాక పెట్టకుండా ఎలాగండీ?" అంటూ మేరీ మూడో కంచం పెట్టింది. అందులో పలావు అలాగే చల్లారిపోయింది. తీయడానికి మాత్రం ఇద్దరికీ చెయ్యి రాలేదు.

పొద్దు వాలుతుంటే నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. బండి తీద్దామని తాళం తిప్పబోయాను. మేరీ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది.

"ఆగండి. ఆయన ఇంకా వెళ్ళొస్తానని అనలేదు."