చిన్న పడవే చెప్పండి

ఏమండీ,

పాలు కాచి మూత పెట్టాను. ట్యాంకు నిండగానే మోటారు కట్టేయండి. నేను వచ్చేసరికి ఆరవుతుంది. పడవల మేస్త్రీ మధ్యాహ్నంలోపు ఫోన్ చేస్తాడు. ఏ పడవో ఇవాళ తేల్చకపోతే రెండూ వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట.

చిన్నదే చెప్పండి.

పెద్దదైతే ఇంటిల్లిపాదీ పడతామన్నారు. నిజమే. అందులో మామయ్యగారు వెనక బల్ల మీద కూర్చుంటారు, మీరు ముందు స్టీరింగ్ దగ్గర కూర్చుంటారు, మధ్యలో నేను. ఇంట్లో జరుగుతున్నదే నీళ్ల మీదా జరుగుతుంది.

ఆయన కంటి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉండగా మీరు ఆయన పాత పడవ అమ్మేశారు. దాని అడుగు పుచ్చిపోయిందన్నది నిజమే. చెప్పకుండా అమ్మడమే తప్పు. మూడు నెలలైంది మీ ఇద్దరికీ మాటల్లేక. "వాణ్ణి అడగమ్మా, గొడుగెక్కడ పెట్టాడో" అని ఆయన, "తలుపు వెనకుందని చెప్పు" అని మీరు. ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది.

నిన్న ఆ చిన్న పడవ ఎక్కి చూశాను. ఇద్దరికే చోటు. ఒకరు లేవాలంటే రెండోవాళ్లకి చెప్పి లేవాలని, లేకపోతే ఒరుగుతుందని మేస్త్రీ అన్నాడు. వల లాగేటప్పుడు మరీనట.

మీరిద్దరూ వెళ్లండి. నేను రాను.

తా.క. పొద్దున మామయ్యగారికి ఈ సంగతి చెప్పాను. "వాడికి ఈత అంతంతమాత్రం, ఒక్కణ్ణీ పంపకు" అన్నారు. ఈ మాట మాత్రం మీకు చెప్పమనలేదు.